రెండింతల గోడ

రంగుల షెడ్డు
ఎండలు ముదిరాక

పాల సముద్రంలో తేలుతున్న మా అక్కకి,

నీ తమ్ముడు క్షేమం. ఈ ఏడు నిచ్చెన మీంచి ఒక్కసారే పడ్డాడు, అదీ కింద ఇసక కుప్ప ఉందని చూసుకునే పడ్డాడు.

నీ ఉత్తరం చదివి నీ మరదలికి వినిపించాను. "మీ అక్క ఆయాగా చేసేది బడిలోనా, స్వర్గంలోనా?" అంది. పిల్లలకి రెండు పూటలా వేడి పాలు, చేతికందే ఎత్తులో కుళాయిలు, కిటికీలకి అద్దాలు, ఆ అద్దాలు తుడవడానికి నువ్వు. పక్క దేశం వెళ్ళిన దగ్గర్నుంచీ నీ ఉత్తరాలకి పాల వాసన వస్తోంది.

ఫోన్లో పోట్లాడదామంటే ఎత్తవు. ఎప్పుడో ఒకసారి తనిఖీ ఆఫీసరు గొంతు పెట్టి, "ఆయమ్మా, మూడో కిటికీ మీద ఈగ వాలింది, జీతం కోస్తున్నాం" అన్నందుకు ఇన్నేళ్ళు పగ పడతారా? నువ్వు నిజంగానే వెళ్ళి మూడో కిటికీ చూసొచ్చావని బావ చెప్పాడు. అది తల్చుకునే ఇంకా నవ్వుతున్నా.

ఇంతకీ అసలు సంగతి. నాకు సర్కారు పని తగిలింది. మన వీధి చివర చిన్నపిల్లల బడి ఉందే, నీ మేనకోడలు రెండో తరగతి వెలగబెడుతున్న బడి, దాని ప్రహరీ గోడకి సున్నం కొట్టి పెద్దక్షరాలతో రాయాలి. ఏం రాయాలో కోటాయన చెప్పాడు. ఆయన చదువుల శాఖ ఆఫీసరు. ఈ ఎండల్లో కూడా కోటు విప్పడు కాబట్టి వీధి మొత్తానికి కోటాయనే. రాయాల్సింది ఇదీ: "పిల్లల చదువు మీద పక్క దేశం కంటే మన దేశం రెండింతలు ఖర్చు పెడుతోంది." పక్క దేశం అంటే నువ్వే.

గోడకి ఇవతల ఇది రాస్తాను. అవతల ఏముందో చెప్పనా? రెండు గదులు. ఒక గదికి కప్పు ఉంది. రెండో గదికి ఒకప్పుడు ఉండేది. వాన పడితే అన్ని తరగతులూ ఒకే గదిలోకి దూరతాయి, మా టీచరమ్మ ఒక్కతే మధ్యలో నిలబడి గడియారం ముల్లులా తిరుగుతూ పాఠం చెప్తుంది. నీ మేనకోడలు ఇంటికొచ్చి ఐదో తరగతి భిన్నాలు గడగడా అప్పజెప్తుంది. రెండో ఎక్కం చెప్పవే అంటే, "అది మా వైపు వినపడలేదు నాన్నా" అంటుంది.

అయినా సరే, మా దేశాన్ని నువ్వు ఒక్క మాట అంటే ఊరుకోను. నేను తిట్టొచ్చు, నాది కాబట్టి. అందుకే పందెం. పేపర్లో లెక్కలు వద్దు. ఈ ఏడు మీ బడికి ఏమొచ్చిందో నువ్వు రాయి, మా బడికి ఏమొచ్చిందో నేను రాస్తా. నేనే మొదలెడుతున్నా. మాకు గోడ రాత వచ్చింది.

నిచ్చెన తమ్ముడు


బడి, సామాన్ల గది పక్కన
ఎండ తగ్గని రోజు

ఒరేయ్ కోతీ,

మూడో కిటికీ మాట ఇంకోసారి ఎత్తితే ఉత్తరాలు కూడా మానేస్తా.

పందెమా? ఓడిపోయేవాడికి తొందరెక్కువ. మాకు ఈ ఏడు కొత్త బల్లలు వచ్చాయి. నీలం రంగువి, పిల్లలకి గీసుకుపోకుండా మూలలు గుండ్రంగా చెక్కినవి. కూర్చుంటే వాళ్ళ కాళ్ళు నేలకి ఆనతాయి. మనం చదివేటప్పుడు కాళ్ళు గాల్లో వేలాడేవి, నువ్వు ముందువాడి వీపు మీద తాళం వేసేవాడివి, గుర్తుందా? పుస్తకాల నిండా రంగు బొమ్మలు. పాల సంగతి నీకు తెలిసిందే.

మీవాళ్ళు మాకు రెండింతలు పెడుతున్నారంటే మీ బావకి పొలమారింది. కుట్టుమిషను ఆపి మరీ నవ్వారు. మా బడి గోడ మీద కూడా రాసి ఉంది రా. వీధి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా, "పసిపిల్లల చదువులో పొరుగు దేశాన్ని దాటేశాం" అని. పొరుగు దేశమంటే నువ్వే. అబద్ధమైతే అంత పొడుగున రాస్తారా?

నీ వేషాలు నాకు తెలుసు కాబట్టి ముందే చెప్తున్నా. కోటాయన చెప్పింది చెప్పినట్టు రాసి కూలీ తీసుకో. సర్కారుతో పరాచికాలు వద్దు. నీకు లేకలేక ఒక పిల్ల. నీకు బుద్ధి చెప్పడానికి అమ్మ లేదు, నాన్న లేడు, నేనొక్కదాన్నే మిగిలాను, అదీ ఇంత దూరంలో.

ఉంటాను. ఇక్కడ గోలగా ఉంది.

మీ అక్క


రంగుల షెడ్డు
గాలి మారిన వారం

నన్ను దాటేసి పోయిన అక్కకి,

మేము మీకు రెండింతలు పెడుతున్నాం. మీరు మమ్మల్ని దాటేశారు. ఒకే పరుగు పందెం, ఇద్దరికీ మొదటి బహుమతి. ఓడినవాడు లేడు, ఆ మాటకొస్తే పరిగెత్తినవాడూ లేడు.

ఆగలేక కోటాయన్నే అడిగేశాను. అమాయకపు మొహం పెట్టి, మా అక్క పక్క దేశంలో ఉంటుంది సార్, వాళ్ళ గోడ మీద ఇంకోలా ఉందట, నన్ను ఏడిపిస్తోంది, కాస్త లెక్క చెప్తే దాని నోరు మూయిస్తా అన్నాను. మనిషి మంచివాడే, టీ తాగుతూ ఓపిగ్గా చెప్పాడు. మనవాళ్ళు తలకింత అని చూస్తారట, ఖర్చు మొత్తాన్ని బడిలో ఉన్న పిల్లలకి పంచి. మీవాళ్ళు బడ్జెట్లో చదువుకి ఎంత వంతు తీసిపెట్టారో అది చూస్తారట. ఎవరికి ఏ కొలబద్ద కలిసొస్తే ఆ కొలబద్ద. అప్పుడు నాకొకటి తట్టింది.

"సార్, కొంతమంది పిల్లలు బడి మానేస్తే, మిగిలినవాళ్ళకి తలకి వచ్చేది పెరుగుతుంది కదా?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "లెక్క ప్రకారం పెరుగుతుంది" అన్నాడు.

చూశావా, నేను మూడో తరగతిలో మానేసి దేశాన్ని ఎంత పైకి లేపానో. ఇన్నాళ్ళూ ఒక్కడు కూడా నాకు సన్మానం చెయ్యలేదు.

ఇంకా విను. ఈ గోడకి సున్నం, నా కూలీ, ఆవిష్కరణ రోజున వేసే కుర్చీలు, అన్నీ పిల్లల చదువు ఖర్చు కిందికే వస్తాయట. నేను బ్రష్షు ముంచినప్పుడల్లా నీ మేనకోడలు కొంచెం చదువుకున్నట్టు లెక్క. పైగా బిల్లులో ఆయిల్ పెయింట్ అని రాసి, నన్ను మాత్రం సున్నం మీద పొడిరంగుతో కానిచ్చెయ్యమన్నాడు. మధ్యలో మిగిలింది ఎవరి పిల్లల చదువుకి పోతుందో అడగలేదు. మంచివాడు అన్నాను కదా, ఆ మాట కొట్టేసుకో.

ఇక్కడితో నవ్వు ఆపుతాను. టీచరమ్మ నిన్న నన్ను పక్కకి పిలిచి చెప్పింది. వానలు పడగానే ఈ బడి మూసేస్తారట. కప్పు బాగాలేదు, పిల్లలకి ప్రమాదం, కాబట్టి కప్పు వెయ్యరు, బడే తీసేస్తారు. తలనొప్పికి తల తీసే వైద్యం. పిల్లల్ని లారీల రోడ్డు అవతల పెద్ద బడిలో కలుపుతారు. ఆ రోడ్డు దాటడానికి నేనే రెండుసార్లు దేవుణ్ణి తల్చుకుంటాను.

చిన్నప్పుడు మన బడి మూసినప్పుడు నువ్వు పెద్దదానివి, దూరం బడికి నడిచి వెళ్ళిపోయావు. నన్ను అమ్మ పంపలేదు. "ఈ ఏడు ఆగరా, కాస్త ఎత్తు పెరిగాక వెళ్దువు" అంది. ఎత్తయితే పెరిగాను. నిన్న నీ మరదలు పిల్ల జడ వేస్తూ అదే మాట అంది. ఈ ఏడు ఆగుదాం, కాస్త ఎత్తు పెరగనీ అని. అక్షరం పొల్లు పోకుండా అమ్మ మాటే.

చివరగా ఒకటి. అక్షరాలు నా తిండి, నీ అక్షరాలు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. ఈసారి నీ వరసలు వంకర పోయాయి, ఎవరో నీ మోచేతి కింద దూరినట్టు. కాగితం అంచున సుద్దపొడితో చిన్న చెయ్యి ముద్ర ఉంది. బడి జరిగే వేళ పిల్లల మధ్య కూర్చుని ఉత్తరం రాసే తీరిక ఆయాకి ఎక్కడిది? మీ టీచరు ఏం చేస్తోంది?

తమ్ముడు


ఇల్లు, వంటగది గట్టు దగ్గర
మబ్బు పట్టిన రోజు

తమ్ముడూ,

నీవి కాకి కళ్ళు రా.

మీ బావకి తప్ప ఎవరికీ చెప్పలేదు. మాకు టీచరు లేదు. చలికాలం ముందే బదిలీ అయి వెళ్ళిపోయింది, ఆ కుర్చీలోకి ఇంకెవరూ రాలేదు. ఒకటో తరగతి పిల్లలు మాత్రం రోజూ వస్తారు. బల్లలెక్కి దూకుతారు, ఎవరో ఒకరు మోకాలు పగలగొట్టుకుని ఏడుస్తారు. మొదట్లో దెబ్బలాటలు ఆపడానికి కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం ఎందుకని అక్షరాలు దిద్దించాను. తర్వాత లేవబుద్ధి కాలేదు. మా పెద్దసారు రెండుసార్లు తొంగి చూసి వెళ్ళాడు, మూడోసారి "బయట అనకు ఆయమ్మా" అన్నాడు. ఆ టీచరు జీతం బడ్జెట్లో ఉందట. మీ కోటాయన చెప్పిన వంతు ఉందే, అందులో తీసిపెట్టి ఉంది. డబ్బు తీసిపెట్టారు, మనిషిని పెట్టలేదు. అలా మిమ్మల్ని దాటేశాం.

పాలు కూడా చలికాలంలోనే ఆగిపోయాయి. కుళాయిలు నిజం, చేతికందే ఎత్తులోనే ఉన్నాయి. నీళ్ళే అందవు. బల్లలు నిజం.

మరి అబద్ధాలు ఎందుకు రాశావంటావు. అందర్నీ వదిలేసి ఇంత దూరం వచ్చాను. ఇక్కడ బాగుందని రాయకపోతే, మరి ఎందుకెళ్ళావే అని అడుగుతారు. నువ్వు అడగవని తెలుసు. నన్ను నేనే అడుక్కుంటాను.

జాలి పడ్డావంటే చెంప పగలగొడతా. నా పిల్లలకి చదవడం వచ్చింది. మొన్న వాళ్ళని వరసగా గేటు బయటికి తీసుకెళ్ళి గోడ ముందు నిలబెట్టాను. కూడబలుక్కుంటూ, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ మొత్తం చదివారు. ముందు పళ్ళు ఊడిన పిల్ల ఒకతి ఉంది, నోట్లోంచి గాలి తప్ప మాట రాదు. అది చదవడం అయ్యాక నా వైపు తిరిగి, "మనం దాటేశాం కదా ఆయమ్మా, మరి మా టీచరు ఏరి?" అంది.

వాళ్ళు సొంతంగా చదివిన మొదటి వాక్యం రా అది. నేను నేర్పిన చదువుతో ముందుగా అబద్ధాన్నే చదివారు.

కిందటి ఉత్తరంలో నీకు వేషాలు వద్దన్నాను. చిన్నప్పుడు మాస్టారి కుర్చీకి జిగురు రాసింది నువ్వేనని నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పను. కానీ ఎత్తు పెరగనీ అన్న మాట ఆ ఇంట్లో ఇంకోసారి వినపడకూడదు. నా మరదలికి నా మాటగా చెప్పు.

అక్క


బడి గోడ దగ్గర, నిచ్చెన నీడలో
మబ్బు ఉంది, వాన లేదు

టీచరక్కకి,

నీ మాట నీ మరదలికి చెప్పాను. విని, పిల్ల పుస్తకాల సంచికి తెగిన పట్టీ కుట్టింది.

గోడ పని అయిపోయింది. ముందు గోడ గీకి, ఆరబెట్టి, దుమ్ము పడకుండా అని చెప్పి పరదా కట్టాను. కొట్ల బోర్డులు రాయగా మిగిలిన నల్ల ఆయిల్ పెయింట్ నా దగ్గర ఉంది. పరదా వెనక దాంతో నా మాట రాశాను. మనిషెత్తు అక్షరాలు. అవి గట్టిగా ఆరాక పైన సున్నం కొట్టాను. సున్నం మీద పొడిరంగుతో కోటాయన మాట రాశాను, వంపులూ సొంపులూ తిప్పి. జన్మలో అంత శ్రద్ధగా అబద్ధం రాయలేదు.

ఆయిల్ పెయింట్ మీద సున్నం నిలవదక్కా. ఎండలో బుద్ధిగా ఉంటుంది, గట్టి వాన తగిలిందా, పెచ్చులు పెచ్చులుగా జారిపోతుంది. పనిలో కొత్తగా చేరినవాడు చేసే తప్పు. చేస్తే నా మేస్త్రి వీపు విమానం మోత మోగించేవాడు. ఇన్నేళ్ళ తర్వాత అదే తప్పు కావాలని చేశాను, చేతులు ఒప్పుకోవడానికి కాస్త టైము పట్టింది.

పరదా ఉన్నంత మాత్రాన వీధికి తెలీదనుకోకు. టీ కొట్టువాడు గ్లాసు ఇచ్చే వంకతో వచ్చి చదివి, డబ్బులు తీసుకోకుండా పోయాడు. వాడి చరిత్రలో అది మొదటిసారి. పిల్లల తల్లులు ఒక్కొక్కరూ వచ్చి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళారు. టీచరమ్మ మాత్రం గేటు దగ్గర కంట్లో నలక పడిందంటూ చాలాసేపు తుడుచుకుంది, చూడలేదనే అనుకోవాలి. అందరికీ తెలుసు. ఎవరికీ తెలీదు.

ఏం రాశానో నీక్కూడా చెప్పను. వాన చెప్తుంది. సగం మాత్రం నీ పళ్ళు ఊడిన పిల్ల దగ్గర కాజేశాను.

నిచ్చెన తమ్ముడు


బడి, ఒకటో తరగతి గది
ఉక్కగా ఉంది

ఒరేయ్,

పైనుంచి మనుషులు వచ్చి నన్ను కుర్చీలో చూశారు. ఆయాకి పాఠం చెప్పే అర్హత లేదన్నారు. నిజమే, లేదు. ఉన్నవాళ్ళని పంపండి, ఆ నిమిషంలో లేచి చీపురు పట్టుకుంటా అన్నాను. టీచరు వచ్చేదాకా ఒకటో తరగతి మూసేస్తాం, పిల్లల్ని ఇంటికి పంపండి, వచ్చే వారం నుంచి కిటికీల పని చూసుకో అన్నారు.

ఉద్యోగం పోతుందేమో, వద్దులే అన్నారు మీ బావ. అని, పొద్దున లేచేసరికి ఆ కుర్చీకి సరిపడా దిండు కుట్టి నా సంచిలో పెట్టారు. చెక్క కుర్చీ కదా, నడుం నొప్పి అంటావు కదా అన్నారు. ఈయన వద్దన్నారో, కూర్చోమన్నారో నాకిప్పటికీ అర్థం కాలేదు.

భయంగా ఉంది రా. నీ వాన సంగతి వెంటనే రాయి.

అక్క


రంగుల షెడ్డు
తడిసి ముద్దయిన వారం

అక్కా,

వాన వచ్చింది.

ముందు ఆవిష్కరణకి కోటాయన పైన ఉండే పెద్దాయన వచ్చాడు. గోడ ముందు నిలబడి ఫోటోలు తీయించుకున్నాడు, రాత చక్కగా ఉంది ఎవరు రాశారన్నాడు. కోటాయన నన్ను ముందుకి తోశాడు. పెద్దాయన నా భుజం తట్టాడు. ఆ చొక్కా ఇంకా ఉతకలేదు, దాచుకున్నా.

తర్వాత రోజులు గడిచాయి కానీ చుక్క పడలేదు. వీధి మొత్తం ఆకాశం వైపే చూస్తోంది. టీ కొట్టువాడు నన్ను చూసినప్పుడల్లా మెడ పైకెత్తి నిట్టూర్చేవాడు. మూసివేత కాగితం కూడా వచ్చేసింది. వచ్చిన మర్నాడు, బడి వదిలే వేళకి పట్టుకుంది వాన, కుండపోతగా. తల్లులు పిల్లల్ని తీసుకెళ్ళడానికి గొడుగులతో వచ్చి ఉన్నారు. ఎవరూ కదల్లేదు. ముందు "పక్క దేశం" కారిపోయింది, మురిక్కాలవలో కలిసింది. తర్వాత "రెండింతలు" నీలంగా కిందికి జారింది. ఆపైన సున్నం పెచ్చులు లేవడం మొదలెట్టాయి. ఒక్కో అక్షరం బయటికొస్తుంటే పిల్లలు అరిచి చదువుతున్నారు. నీ మేనకోడలు నా మెడ మీద కూర్చుని అందరికంటే ముందు పూర్తి చేసింది.

"అంత ఖర్చు పెట్టారు సరే. మా కప్పు ఏది?"

కోటాయన మర్నాడు వచ్చాడు. కోటు తడిసి బరువెక్కింది, అయినా విప్పలేదు. గోడ చూశాడు, నన్ను చూశాడు.

"ఇదేంటి?" అన్నాడు.

"ఆయిల్ పెయింట్ సార్. బిల్లులో రాశారు కదా, వేశాను."

"సున్నం మీద పొడిరంగు కదా వెయ్యమన్నాను" అంటే ఆయన బిల్లు సంగతి బయటికొస్తుంది. మళ్ళీ కొట్టమన్నాడు. కొట్టాను. మళ్ళీ వాన పడింది, మళ్ళీ "మా కప్పు ఏది" లేచింది. గీకించాలంటే గోడ పెచ్చు ఊడుతుంది, ఊడితే మరమ్మతు రాయాలి, గోడకి మరమ్మతు రాసినవాడివి కప్పుకి ఎందుకు రాయలేదని పైవాళ్ళు అడుగుతారు. ఆ గోడ చుట్టూ ఆయన తిరుగుతుంటే నాకు నిజంగా జాలేసింది. కాసేపే.

మూసే రోజున తల్లులు పిల్లల్ని లారీల రోడ్డు దాటించలేదు. గోడ ముందే గొడుగులు వేసి కూర్చోబెట్టారు, టీచరమ్మ నిలబడి పాఠం చెప్పింది. ముందు వరసలో నీ మరదలు. ఎత్తు పెరగనీ అన్న మనిషి, పిల్లని ఒళ్ళో పెట్టుకుని కోటాయనకి చెప్పింది, "మా పిల్ల ఎత్తు ఇంతే. ఈ ఎత్తుకి సరిపడా బడి ఇక్కడే ఉంది" అని. ఇన్నేళ్ళ కాపురంలో నేను ఎదురు చెప్పలేని మాట అదొక్కటే కాదు, కానీ చప్పట్లు కొట్టింది మాత్రం దానికే.

నిన్న రేకులు దిగాయి. కప్పు వేస్తున్నారు. మూసివేత రద్దు కాలేదు, "ప్రస్తుతానికి ఆపాం" అన్నారు. ప్రస్తుతం అంటే ఎన్నాళ్ళో తెలీదు, మేము మాత్రం గొడుగులు ఇంటికి తీసుకెళ్ళలేదు. ఇక చెరపవయ్యా అన్నాడు కోటాయన. ఒక వానాకాలం గడవనివ్వండి సార్, రేకు కారకపోతే నేనే చెరుపుతా అన్నాను. ఇక ముందు సర్కారు గోడలు నాకు ఇవ్వరట. ఇవ్వకపోతే పోయె, వీధిలో ప్రతి కొట్టువాడూ బోర్డు మార్పిస్తానంటున్నాడు.

నువ్వు లేవకు. దిండు ఎలాగూ కుట్టించుకున్నావు.

తమ్ముడు


బడి వరండా
మొదటి వాన వాసన

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం పిల్లలకి చదివి వినిపించాను. "మా కప్పు ఏది" దగ్గర పళ్ళు ఊడిన పిల్ల లేచి, అది నా మాట అంది. నీదేనే, మా తమ్ముడు దొంగ అని చెప్పాను.

చెప్పినట్టే ఒకటో తరగతికి తాళం వేశారు. గదికే కదా వేసింది. కుర్చీ వరండాలోకి లాక్కున్నాను, నీలం బల్లలు పెద్దసారే కిటికీలోంచి అందించాడు. మళ్ళీ వచ్చి లేవమన్నారు. టీచరుని చూపించండి, లేస్తాను అన్నాను. ఉద్యోగం తీసేస్తూ కాగితం పంపుతాం అన్నారు.

"పంపండి. ఒకటో తరగతి వాళ్ళకి చదవడం వచ్చు" అన్నాను.

ఇంకా రాలేదు. వచ్చినా వాళ్ళ చేతే చదివిస్తాను, అచ్చుతప్పులు దిద్దిస్తాను.

మీ బావ నిచ్చెన సంపాదించారు. ఏ డబ్బా కొనాలో, నలుపా ఎరుపా, సున్నం ఎంత పల్చగా కలపాలో అన్నీ వివరంగా రాయి. డబ్బా కాస్త పెద్దదే చెప్పు. మా గోడ మీ గోడ కంటే చాలా పొడుగు. అందులో మాత్రం మేము మిమ్మల్ని నిజంగానే దాటేశాం.

మీ అక్క